రెండు వైర్ల టీవీ

బూజెమాకి వాళ్ల నాన్న ముఖం కంటే దగ్గే బాగా గుర్తు. సూక్ అహ్రాస్ ఊరికి పైన కొండల్లో రెండు గదుల రాతి ఇల్లు వాళ్లది. గుమ్మం అవతల ఆ దగ్గు వినపడగానే పిల్లలు నవ్వులు మింగేసేవాళ్లు, ఆడవాళ్లు తలగుడ్డలు సర్దుకునేవాళ్లు, పంచాయితీ పెట్టుకున్న వాళ్లు సగం మాట సగంలోనే ఆపేసేవాళ్లు. ఆయన లోపలికొచ్చి చాప మీద ఒక్కడే కూర్చుని కుస్‌కుస్ తిని, ఒక్కడే టీ తాగి, లేచి వెళ్లిపోయేవాడు. చెడ్డవాడేం కాదు. తండ్రన్నవాడు అలాగే ఉండాలని ఆయనకి ఆయన తండ్రి నేర్పాడు, అంతే. ఆయన పోయేనాటికి బూజెమాకి పద్దెనిమిదేళ్లు. నాన్నతో తను మాట్లాడిన మాటలెన్నో వేళ్ల మీద లెక్కపెట్టుకుందామని కూర్చుంటే వేళ్లు మిగిలిపోయాయి. నాకు పిల్లలు పుడితే వాళ్ల పక్కన కూర్చుంటాను అనుకున్నాడు ఆ రోజు.

చూడబోతే ఎంత చిన్న కోరిక! ఇల్లు కట్టాలనీ కాదు, హజ్‌కి వెళ్లాలనీ కాదు. సొంత పిల్లల పక్కన కూర్చోవాలని. దానికే మనిషి జీవితం సగం అయిపోయింది.

కొండ దిగి సముద్రం ఒడ్డున అన్నాబా పట్నం వచ్చి ఉక్కు కర్మాగారంలో చేరాడు. ఇరవయ్యారేళ్లుగా అక్కడ క్రేన్ గదిలో కూర్చుని, కింద ఎర్రగా కాలిన ఇనప పలకల్ని ఒకచోట ఎత్తి ఇంకోచోట పెట్టడమే పని. ఎత్తీ దించీ ఆయన భుజాలు కూడా క్రేను చేతుల్లాగే ఒంగిపోయాయి. ఇంటి కోసం అర్జీ పెట్టుకుంటే పదకొండేళ్లకి ఇల్లొచ్చింది, అదీ ఐదో అంతస్తులో. లిఫ్టు లేదు. నీళ్లు రోజు విడిచి రోజు, అవి కూడా మూడో అంతస్తు దాకా ఎక్కి అక్కడ ఆయాసం తీర్చుకుంటాయి. మిగతా రెండంతస్తులూ బూజెమా డబ్బాలతో మోసుకోవాలి. డ్యూటీ దిగి మెట్లెక్కేటప్పుడు నాలుగో అంతస్తులో ఆగి గోడకి చెయ్యి ఆన్చి నిలబడడం ఆయనకి నమాజంత అలవాటైపోయింది.

అయినా ఆ ఇంట్లోనే ఆయన కోరిక తీరింది. తీర్చింది ఒక టీవీ.

టీవీ కొన్న రోజున మిద్దె మీదికెక్కి ఒక పాత నీళ్ల గొట్టానికి యాంటెనా తనే కట్టాడు. "వచ్చిందా?" అని పైనుంచి ఈయన, "పోయింది!" అని కిటికీలోంచి భార్య యమీనా, "వచ్చింది, వచ్చింది, కదలకు బాబా!" అని చిన్నారి కూతురు నస్సీరా. ఒక మధ్యాహ్నమంతా ఆ గొట్టాన్ని అంగుళం అటూ అంగుళం ఇటూ తిప్పాడు. వచ్చేది ఒక్కటే చానెల్. సముద్రం గాలి వీస్తే అందులో కూడా తెల్లచుక్కల మంచు కురిసేది. కానీ రాత్రి వార్తలయ్యాక ఈజిప్టు సీరియల్ మొదలయ్యేది, ఇల్లంతా ఆ ఒక్క గదిలో చేరేది. ఆయన తల్లి లల్లా హద్దా గొర్రెతోలు మీద, యమీనా పప్పులో రాళ్లేరుకుంటూ, నస్సీరా ఆయన మోకాలికి ఆనుకుని, కొడుకు ఫౌజీ ఆయన కాళ్ల దగ్గర పడుకుని. ఆ సీరియల్లో చెయ్యి పట్టుకోవడం కూడా పెళ్లయ్యాకే. ఎవరూ తల దించుకోవాల్సిన పని లేదు. ముసలమ్మ టీవీలో పిల్లకి గట్టిగా బుద్ధులు చెప్పేది: "తాగొద్దే తల్లీ, ఆ షర్బత్తులో ఏదో కలిపింది నీ అత్త!" అందరూ నవ్వేవాళ్లు. బూజెమా కూడా నవ్వేవాడు, పిల్లల మధ్య కూర్చుని, నోరంతా తెరిచి. ఆరేళ్లు నడిచింది ఆ భోగం.

తరవాత డిష్ వచ్చింది.

ఆ రోజుల్లో ఊళ్లో ప్రతి మిద్దె మీదా తెల్లటి పళ్లేలు మొలుస్తున్నాయి. వీళ్ల మెట్ల మీద పది ఇళ్లు. మూడో అంతస్తు అమ్మార్, టాక్సీ నడుపుతాడు, నోరున్నవాడు, అందర్నీ కూడగట్టాడు. "ఒరేయ్, ఫ్రాన్సు వెళ్లడానికి మనకి వీసా ఇవ్వరు. ఫ్రాన్సునే మనింటికి రప్పిద్దాం. దానికి వీసా ఎవడడుగుతాడు?" అన్నాడు. తలా కాస్త వేసుకుని డిష్ తెచ్చి మిద్దె మీద బిగించారు. గొట్టం గట్టిగా ఉందని బూజెమా యాంటెనా విప్పి పక్కన పడేసి దాని చోటే డిష్‌కి ఇచ్చారు. మిద్దెకి దగ్గరిల్లు కూడా ఆయనదే కాబట్టి, చానెళ్లు పట్టే పెట్టె ఆయన ముందుగదిలోనే పెట్టి, అక్కణ్నుంచి పది ఇళ్లకీ వైర్లు దింపారు.

పెట్టె ఒకటే. అందులో ఏది పెడితే పది ఇళ్లలోనూ అదే కనిపిస్తుంది. రెండో అంతస్తు మొఖ్తార్‌ని అందరూ గౌరవంగా సి మొఖ్తార్ అంటారు, పోస్టాఫీసులో పనిచేసే పద్ధతిగల మనిషి. ఏ రోజు ఎవరికి నచ్చింది పెట్టాలో స్కేలుతో గీతలు గీసి, రెండు రంగుల సిరాతో రాసి, మెట్ల గోడకి అంటించాడు. ఆ కాగితం ఎనిమిది రోజులు బతికింది.

మొదటి రాత్రి ఇల్లంతా ఎప్పట్లాగే కూర్చుంది. బొమ్మ అద్దంలా ఉంది, మంచు లేదు, గీత లేదు. ఏదో ఫ్రెంచి సినిమా. పావుగంట గడిచిందో లేదో, కారులో ఒక మగాడూ ఒక ఆడమనిషీ మాటలాపి ఒకరినొకరు చూసుకోవడం మొదలెట్టారు. ముందేం జరగబోతోందో బూజెమాకి అర్థమై, ఉన్నట్టుండి విపరీతంగా దాహం వేసింది. లేచి వంటింట్లోకి పోయాడు. చెల్లెలు పక్కనుంది కాబట్టి ఫౌజీకి బాల్కనీలో పనిపడింది. నస్సీరా చెప్పులు వెతుక్కుంది, కాళ్లకి ఉన్నవే. యమీనా గోడకేసి తిరిగింది. కదలకుండా కడదాకా చూసింది ముసలమ్మ ఒక్కతే. "ఎవరి పిల్లోరా పాపం," అంది జాలిగా, "ఒంటిమీద నూలుపోగు లేదు. జ్వరమొస్తుంది దానికి."

అలాంటి సినిమా తండ్రీ బిడ్డలూ కలిసి చూడడమన్నది అక్కడ లేదు. అన్నాచెల్లెళ్లు కూడా చూడరు. తప్పని ఎవరో చెప్పాలా? కాళ్లే లేచిపోతాయి. ఇంట్లో ఎవరూ మాట్లాడుకోకుండానే కొత్త ఏర్పాటొకటి కుదిరిపోయింది. ఆడవాళ్లొకసారి, ఫౌజీ వాడి స్నేహితులతో ఒకసారి. తండ్రి? తండ్రి సాయంత్రం కాఫీ హోటల్లో కూర్చోవాలి. ఎనిమిదింటికి ఇంటికొస్తే గుమ్మం బయట దగ్గాలి, లోపలివాళ్లు చానెల్ మార్చుకునేదాకా ఆగాలి, అప్పుడు రావాలి. మొదటిసారి తన గొంతులోంచి ఆ దగ్గు వచ్చినప్పుడు బూజెమా తలుపు బయటే కాసేపు నిలబడిపోయాడు. అచ్చం వాళ్ల నాన్నదే.

సరే, ఇల్లన్నాక మర్యాదన్నాక సర్దుకోవాలి. కానీ ఆయన దగ్గు ఆయనింట్లో ఆగేది కాదు. ఆయన దగ్గగానే ఫౌజీ పెట్టె మీద మీట నొక్కేవాడు. తెర మీద కోటు వేసుకున్న ఎవరో పెద్దమనిషి గోధుమ ధరల గురించి మాట్లాడుతూ ప్రత్యక్షమయ్యేవాడు, పది ఇళ్లలోనూ. దాంతో మెట్లమెట్లకీ అరుపు లేచేది:

"బూజెమా వచ్చాడు!"

కొన్నాళ్లకి ఆ మెట్ల మీద పసిపిల్లలకి కూడా తెలిసిపోయింది, గోధుమలాయన కనిపిస్తే ఐదో అంతస్తు తాత డ్యూటీ దిగినట్టని.

ఒక సాయంత్రం ఫుట్‌బాల్ మ్యాచి. అందులో పెనాల్టీ. తన్నేవాడు బంతి పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి నడిచాడు. ఇక్కడ బూజెమా అయిదంతస్తులెక్కి గోడకి ఆనుకుని, లోపల సినిమా నడుస్తోందో ఆట నడుస్తోందో తెలియక, అలవాటుకొద్దీ దగ్గాడు. అంతే, గోధుమలు. చెప్పుల్లో ఒకటి వేసుకుని ఒకటి వదిలేసి పైకి పరిగెత్తుకొచ్చాడు అమ్మార్.

"అన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను, గోలా కాదా అది? చెప్పు, గోలా కాదా?"

"నాకేం తెలుసురా, నేను తలుపు బయటున్నాను."

"బయటున్నవాడివి బయటుండలేకపోయావా రెండు నిమిషాలు? దగ్గొస్తే ఆపుకోలేవా?"

"నా ఇంటికి నేను రావడానికి నీ దగ్గర చీటీ తీసుకోవాలా?"

"చీటీ వద్దులే. జలుబు మందు కొనిపెడతాను, నా డబ్బుల్తో."

వెనకాలే సి మొఖ్తార్ నెమ్మదిగా ఎక్కి వచ్చాడు. ఆయన మాట ఎప్పుడూ పోస్టల్ కవరులో పెట్టినట్టుంటుంది. "సి బూజెమా, మీరంటే మా అందరికీ గౌరవం. అందుకనే అడుగుతున్నాం. మీకు వీలైతే ఎనిమిదికి ముందు రండి, లేదా పది దాటాక రండి. మధ్యలో రాకుండా ఉంటే పది కుటుంబాలకి మేలు చేసినవారవుతారు."

బూజెమా ఆ ఇద్దర్నీ చూశాడు. పొద్దున నాలుగింటికి లేచిన మనిషి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. తలుపవతల తన పిల్లలు గప్‌చుప్‌గా, ఊపిరి బిగబట్టి, తండ్రి ఏమంటాడోనని వింటున్నారు. ఒకప్పుడు వాళ్లు ఈ వేళకి తన మోకాలి దగ్గర ఉండేవాళ్లు.

"పెట్టె మీరే పట్టుకుపోండి," అన్నాడు. "నా వైరు కూడా పీకేసుకోండి. నాకొద్దు మీ ఫ్రాన్సు."

ఆ వారం సెలవు రోజున మిద్దెక్కి, తుప్పు పట్టిన యాంటెనా తుడిచి, ఇంకో గొట్టం వెతికి కట్టాడు. ఈసారి కిటికీలోంచి ఎవరూ "వచ్చింది, పోయింది" అని అరవలేదు. తనే ఎక్కి తిప్పి, దిగి చూసి, మళ్లీ ఎక్కాడు. పెట్టె మూడో అంతస్తుకి, అమ్మార్ ఇంటికి దిగిపోయింది.

"ఏమయ్యా, ఒక్కమాట అడిగావా మమ్మల్ని?" అంది యమీనా. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని, మనిల్లొక్కటే ఇలా ఎందుకు?"

"బడిలో అందరూ చూస్తారు బాబా," అంది నస్సీరా. పదహారేళ్లు దానికి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఫ్రెంచి టీచరు కూడా చూడమంది."

ఎందుకో చెప్పాలని బూజెమాకి ఉంది. మీ పక్కన కూర్చోవాలని ఉందర్రా, నాకు ఇంకేమీ అక్కర్లేదు అని. కానీ ఆ మాట తండ్రి నోటి వెంట ఎలా వస్తుంది? ఆ మాటకి ఆ కొండల్లో అలవాటు లేదు, ఆ గొంతుకీ లేదు. "సిగ్గులేని సినిమాలు. నా ఇంట్లో వద్దు," అన్నాడు. అదొక్కటే ఆయనకి చేతనైన అబద్ధం. అది ఎంత బాగా అతికిందంటే, మర్నాడు వీధి చివరి మసీదు దగ్గర గడ్డపాయన ఒకడు చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నాడు కూడా. ఇల్లు శుభ్రం చేసుకున్నావు, శభాష్ అన్నాడు. బూజెమా సిగ్గుపడి చెయ్యి విడిపించుకున్నాడు. ఇంటిని శుభ్రం చేసుకోవాలని కాదు, నింపుకోవాలని కదా తను చేసింది.

మొదటి రాత్రి అందరూ వచ్చి కూర్చున్నారు, బడిలో శిక్ష పడ్డవాళ్లలాగా. సీరియల్లో అత్త విషం కలిపింది. ఎవరూ నవ్వలేదు. రెండో రాత్రి నస్సీరాకి అమ్మార్ కూతురితో లెక్కల హోంవర్కు వచ్చిపడింది. ఫౌజీకి స్నేహితుడి తమ్ముడికి జ్వరం. మూడో రాత్రి యమీనా మూడో అంతస్తుకి జల్లెడ కోసం వెళ్లింది. గంటయినా ఆ జల్లెడ దొరకలేదు. గదిలో బూజెమా, వాళ్లమ్మ. తెర మీద మంచు.

"ఒరే నాయనా," అంది లల్లా హద్దా, "ఆ గుడ్డల్లేని పిల్ల రావడం లేదేం? బాగానే ఉందా?"

"బాగానే ఉందిలే యమ్మా. పడుకో."

ముసలమ్మ పడుకుంది. పిల్లల్ని పిలుచుకొద్దామని ఆయన మెట్లు దిగాడు. రెండంతస్తులే, కానీ దిగడం కూడా మోకాళ్లకి కష్టంగానే ఉంది. అమ్మార్ తలుపు ముందు చెయ్యెత్తాడు, కొట్టబోయాడు. అమ్మార్ టాక్సీ మీద వెళ్లాడు, లోపలంతా ఆడవాళ్లూ పిల్లలూ. ఏదో నవ్వుల సినిమా నడుస్తున్నట్టుంది. అంత గోలలోనూ నస్సీరా నవ్వు విడిగా వినపడింది. ఊపిరందక, కడుపు పట్టుకుని నవ్వుతోంది పిల్ల. ఆ నవ్వు విని ఎంత కాలమైంది! తలుపు కొడితే అది ఆగిపోతుంది. ఆ సంగతి ఆయనకి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ఎత్తిన చెయ్యి దించుకున్నాడు. కాసేపు పరాయి ఇంటి గుమ్మంలో నిలబడి సొంత కూతురి నవ్వు విని, చప్పుడు కాకుండా పైకెక్కి వచ్చేశాడు. మనిషికి అంత అలుపు ఇరవయ్యారేళ్ల క్రేనులోనూ రాలేదు.

నాలుగు రోజుల తరవాత తనే అమ్మార్‌ని కదిలించాడు. "వైరు మళ్లీ పైకి లాగు."

అమ్మార్ ఎగతాళి చెయ్యబోయి, ఆయన ముఖం చూసి మానేశాడు. "పెట్టె కూడా తీసుకుంటావా అన్నా?"

"పెట్టె నీ దగ్గరే ఉండనీ. వైరు చాలు."

ఇంట్లో పండగ. యమీనా ఆ రోజు శొర్బా చారులో మాంసం కాస్త ఎక్కువే వేసింది. టీవీ వెనక రెండు వైర్లు వేలాడుతున్నాయి, ఒకటి యాంటెనాది, ఒకటి డిష్‌ది. నీకు సీరియల్ కావాలన్నప్పుడు అది పీకి ఇది పెడతాం బాబా అన్నాడు ఫౌజీ. అది ఎవరూ పీకలేదు. ఆయనా అడగలేదు. నవ్వితే తన ఇంట్లోనే నవ్వుతారు కదా, అది చాలనుకున్నాడు. సాయంత్రాలు వంటింట్లో చిన్న పీట మీద కూర్చుని, గోడవతల వాళ్ల గోల వింటూ కాఫీ తాగేవాడు.

పిల్లలకి ఏమీ తెలియదనుకోవడం పెద్దవాళ్ల తెలివితక్కువతనం. ఒక రాత్రి నస్సీరా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బాబా, లోపలికి రా. ఇవాళ మంచిది పెట్టారు. తాబేళ్ల గురించి."

"తాబేళ్లా?"

"సముద్రం తాబేళ్లు. గంటసేపు ఉంటుంది. అందులో ఏమీ లేదు, పేపర్లో చూశాను. ఒట్టు."

వెళ్లి కూర్చున్నాడు. ఆయన చోటు ఖాళీగా ఉంచారు, వెనక దిండు కూడా పెట్టారు. యమీనా పుదీనా టీ పోసి ముందు ఆయనకే ఇచ్చింది. ఫౌజీ కాళ్లు ముడుచుకుని సరిగ్గా కూర్చున్నాడు. నస్సీరా పక్కనే చేరింది, మోకాలికి ఆనలేదు గానీ దగ్గరగానే. తెర మీద ఒక పెద్ద తాబేలు ఇసకలో గొయ్యి తవ్వి గుడ్లు పెడుతోంది. చాలాసేపు పెట్టింది. బూజెమాకి కడుపు నిండిపోయింది.

"ఎన్ని పెడుతుందో చూశావా బాబా," అన్నాడు ఫౌజీ.

"చూశాను."

"నూటికి పైనే పెడుతుందట," అంది నస్సీరా.

"అల్లా దయ," అంది యమీనా.

మాట ఆగిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు తాబేలు మీద ఒక మాట అంటున్నారు, చుట్టం ఇంటికొస్తే వరసగా కుశలాలు అడిగినట్టు. ఫౌజీ ఆవలింత ముక్కులోంచి వదిలాడు. అప్పుడే మెట్ల మధ్యలోంచి అమ్మార్ గొంతు పైకి వచ్చింది, గుసగుసగా అందామనుకుని, అరుపులా:

"అమ్మా నస్సీరా! తాబేళ్లు ఇంకా ఎంతసేపమ్మా? మీ నాన్న లేచి వెళ్లాడా?"

నస్సీరా ముఖం ఎర్రబడిపోయింది. ఎవరూ ఆయన వైపు చూడలేదు. బూజెమాకి అంతా అర్థమైంది. పిల్ల కిందికెళ్లి అమ్మార్‌ని బతిమాలుకుంది. ఒక్క గంట, మా నాన్న కోసమని. పది ఇళ్లలోనూ జనం ఆయన కోసం తాబేళ్లు చూస్తున్నారు. సి మొఖ్తార్ చూస్తున్నాడు, ఆయన కోడళ్లు చూస్తున్నారు, చూసి చూసి ఎప్పుడవుతుందా అని గోడ గడియారం చూస్తున్నారు. తన పిల్లలు కూడా అంతే. ప్రేమ లేక కాదు. ప్రేమ ఉండబట్టే ఇంత కష్టపడి కూర్చున్నారు. అతిథిని గౌరవించడం వాళ్లకి తనే నేర్పాడు.

తాబేలు ఇంకా గొయ్యి పూడుస్తోంది. బూజెమా గ్లాసు కింద పెట్టి, నేలకి చెయ్యి ఆన్చి లేచాడు. కావాలనే గట్టిగా ఆవలించాడు.

"కూర్చో బాబా, అవలేదు ఇంకా," అంది నస్సీరా. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

"బాగుందమ్మా. చాలా బాగుంది. కానీ నిద్రొస్తోంది. పొద్దున్నే డ్యూటీ."

మర్నాడు శుక్రవారం. ఆయనకి సెలవు. అది ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కరూ ఆ మాట అనలేదు.